వాగుకు వదిలిన జాగ

నేను కాపురానికి వచ్చిన కొత్తలో మా గుడిసె బెజ్జంకి ఊరికి అవతల వాగు ఒడ్డున ఉండేది. అది సర్కారు భూమి. కూలి చేసుకునే పది కుటుంబాలం అక్కడే ఉండేవాళ్లం. ప్రతి వానాకాలం వాగు ఒడ్డును కొంత కోసుకుపోయేది. మరుసటి ఏడు ఒక మధ్యాహ్నం, వాన వెలిసిన తర్వాత, మా మేకల కొట్టం ఉన్న ఒడ్డు ఉన్నట్టుండి జారి నీళ్లలో పడింది. మేకలు మేతకు పోయాయి కాబట్టి బతికాయి.

"ఇగ గీడ ఉండొద్దు బిడ్డా. మీదికి పోదాం," అంది మా అత్త.

మీద అంటే మొరం గడ్డ. అదీ సర్కారుదే. నాకు ఇష్టం లేదు. నీళ్లకు రోజూ ఎంత దూరం దిగిరావాలో తలచుకుని ఏడ్చాను.

సర్కారు సెలవు లేనిదే అక్కడ గుంజ పాతడానికి లేదు. చలికాలంలో, భూములు తనిఖీ చేసే గిర్దావరు గుర్రం మీద వచ్చాడు.

"ఒడ్డుకు గోడ కట్టాల్నని రాస్త," అన్నాడు.

"గోడకు ఆగదు దొరా. దానికి జాగ ఇడిస్తెనే ఊకుంటది. జెర గీడికొచ్చి సూడున్రి," అంది అత్త.

ఆయన వచ్చి అంచున నిలబడ్డాడు. బూటు కింద పెళ్లలు విరిగి నీళ్లలో పడ్డ చప్పుడు నాకూ వినిపించింది. గబుక్కున వెనక్కి జరిగాడు.

"పిల్లలు గీడనే ఆడుతరా?"

"ఇంకేడ ఆడుతరు దొరా?"

ఎండాకాలం వచ్చేసరికి గడ్డ మీదికి పోవడానికి సర్కారు సెలవు దొరికింది. కింది జాగలో మళ్లీ ఎవరూ ఇల్లు వేయకూడదన్నారు. గుంజలు, తడకలు నెత్తిన మోసుకుని పైకి చేరాం. తొలకరి పడగానే ఆడవాళ్లమంతా ఖాళీ ఒడ్డు పొడుగునా, వేళ్లు మట్టిని పట్టి ఉంచుతాయని, వావిలి కొమ్మలు నాటాం. అటు ఎవరి మేక కనిపించినా అత్త తిట్లకు దిగేది, మాదైనా సరే.

రెండో ఏడు పెద్ద వరద వచ్చింది. మా పాత పొయ్యి ఉన్నచోట నడుము లోతు నీళ్లు. పైనుంచి చూస్తూ నిలబడ్డాం. వరద తగ్గాక దిగి చూస్తే ఒక మూల ఒడ్డు తెగింది గానీ, పొదలు నిలిచిన చోట నిలిచింది. వాటి మొదళ్లలో మెత్తటి ఒండ్రు. అత్త గుప్పెడు తీసి నలిపింది.

"పుంటికూర మంచిగైతది," అంది.

ఆ చలికాలం పది ఇళ్లలోనూ ఆ ఒండ్రులో పెరిగిన పుంటికూర, అదే గోంగూర, ఉడికింది. మరుసటి వానల్లో, మూడు రోజుల ముసురులో, నా పెద్దబిడ్డ పుట్టింది. వాగు ఎంత వచ్చిందని నేను ఎవరినీ అడగలేదు.