1900లో నా కాన్పు

ఐదో నెల కదా అని, ఈ రోజు ఆఫీసులో నా కాన్పు తేదీ చెప్పే చిన్న ప్రోగ్రాం రాశాను. ఆఖరి నెలసరి తేదీకి రెండు వందల ఎనభై రోజులు కలపడమే. తెర మీద 1900 జనవరి అని వచ్చింది! సంవత్సరానికి రెండంకెలే పెట్టాను; తొంభై తొమ్మిది దాటి సున్నా సున్నా రాగానే కంప్యూటరు దాన్ని 1900 అనుకుంది. ఎవరెవరి ప్రోగ్రాముల్లోనో ఈ తప్పే వెతికి దిద్దడం నా ఉద్యోగం.

దిద్దితే 2000 జనవరి పదిహేను వచ్చింది. సాయంత్రం మణికొండలో మా ఇంటి ఓనరమ్మకు చెబితే, నెలసరి తేదీ అడిగి వేలి కణుపుల మీద లెక్కపెట్టింది.

“తొమ్మిది నెలల తొమ్మిది దినాలు. పంతొమ్మిదికి అయితది. గింత దానికి కంప్యూటరెందుకు బిడ్డా?”

“కంప్యూటరు పదిహేనే అంటోందండీ.”

“గది మోస్తదా, నువ్వు మోస్తవా?”

నవ్వుతుంటే కడుపులో మొదటిసారి చిన్నగా కదిలింది. లోపలివాళ్ల ఓటు ఎవరికి పడిందో మీరే చెప్పండి.