రెండు సీసాలూ టానిక్కే

చదువు ముగిసిన కొత్తలో మనిషికి ఒక జబ్బు పట్టుకుంటుంది. తనకు తెలిసిన నాలుగు ముక్కలు చెప్పకపోతే లోకం ఏమైపోతుందోనని దిగులు. ఆ రోజుల్లో నాకది బాగా ముదిరి ఉండేది. వ్యవసాయ డిప్లొమా పట్టుకుని కంబదూరులో ఒక మందుల అంగడిలో (చేలకు కొట్టే మందులండీ) సలహాలు చెప్పే పనిలో చేరాను. వచ్చిన రైతల్లా "టానిక్ ఇయ్యి పాపా" అనేవాడు. చేను వాడితే టానిక్, పూత రాలితే టానిక్, పక్కవాడి చేను పచ్చగా కనిపిస్తే ఇంకో టానిక్. ఆ మాట వింటేనే నాకు ఒళ్లు మండేది. "అన్నా, ఇందులో రెండు జాతులున్నాయి" అని మొదలుపెట్టేదాన్ని. ఒకటి హార్మోను. మొక్కకు నేరుగా ఆజ్ఞ వేస్తుంది, పొడుగవమంటే పొడుగవ్వాల్సిందే. చుక్కల లెక్కన వాడాలి. రెండోది సముద్రపు నాచు రసం లాంటిది. అది ఆజ్ఞ వేయదు, మొక్క తన పని తాను చేసుకుంటుంటే ఎండకు తట్టుకునేలా ఆసరా ఇస్తుంది. దాన్ని మూతల లెక్కన పోయొచ్చు. వాళ్లు పాపం ఓపిగ్గా అంతా విని, "సరేలేమ్మా, రెండిట్లో ఏదో ఒక టానిక్ ఇయ్యి" అనేవాళ్లు.

నిజం చెప్పాలంటే మా ఎర్రనేలలో, మా వానల్లో ఈ రెండింట్లో ఏది మేలో నాకూ తెలియదు. పుస్తకంలో ఉన్నది తెలుసు, అంతే. తెలుసుకోవాలని మాత్రం మహా ఆత్రంగా ఉండేది. పక్కపక్కనే కొట్టి చూస్తే తప్ప నిద్ర పట్టేలా లేదు. అప్పుడు నా కన్ను కుందుర్పి దగ్గర మా పెద్దనాయన చేను మీద పడింది. అంటే మా నాయనకు అన్న. బోరు పక్కన అర ఎకరంలో వేరుశనగ వేసుకున్నాడు. అది అమ్ముకునే పంట కాదు, మరుసటి ఏడాదికి విత్తనం. దాంట్లో మూడో వంతుకు హార్మోను, మూడో వంతుకు నాచు రసం, మిగిలిన దానికి ఉత్త నీళ్లు కొడతానన్నాను.

"నీళ్లు కొట్టేదానికి చదువు యాల పాపా?" అన్నాడు పెద్దనాయన. "పోల్చి చూడల్ల కదా పెద్నాయనా" అన్నాను. పెద్దమ్మకు సందేహం తీరలేదు. "ఇత్తనం చేను తల్లీ, జాగర్త. అది పోతే వచ్చే యాడాది ఏం ఇత్తల్ల?" అంది. "చదువుకున్న బిడ్డ, దానికి తెలీదా?" అని పెద్దనాయన ఆమె నోరు మూయించాడు. నేను దగ్గరుండి మూడు భాగాలకూ కొట్టించి, రెండు సీసాలూ వాళ్ల అటక మీదే పెట్టి అంగడికి వచ్చేశాను.

తరవాత వాన మొహం చాటేసింది. పదిహేను రోజులకు పోయి చూస్తే నాచు రసం కొట్టిన సాళ్లు మిగతావాటికన్నా కాస్త తేరుకుని కనిపించాయి. అది నా కళ్లో, నా కోరికో ఇప్పటికీ చెప్పలేను. అంగడికి తిరిగి వచ్చాక ఇక ఆగలేక ఫోన్ చేశాను. కౌంటరు దగ్గర జనం, ఒకటే హడావిడి. "పెద్నాయనా, టానిక్ బాగా పని చేస్తాండాది. మిగిలిన టానిక్ చేనంతా ఒక తడవ కొట్టు" అన్నాను. "ట్యాంకుకు ఎంత పోయల్ల?" అన్నాడు. "రెండు మూతలు" అన్నాను.

(గమనించారా? ఏ మాట విని నాకు ఒళ్లు మండేదో, సరిగ్గా ఆ మాటే నా నోట రెండుసార్లు వచ్చింది. నేను గమనించలేదు.)

పెద్దనాయన అటక మీది సీసాలు దించి చూశాడు. ఒకటి అడుగంటి ఉంది. ఇంకోటి దాదాపు నిండుగా ఉంది, చుక్కల లెక్కన వాడింది కదా మరి. మిగిలిన టానిక్ అంటే ఆయన దృష్టిలో ఇదే. ట్యాంకుకు రెండు మూతల చొప్పున అర ఎకరమంతా శ్రద్ధగా కొట్టేశాడు. ఆ మర్నాడే వాన కూడా పడింది.

చెట్లు లేచాయండీ! మోకాలు దాటి పైకి సాగాయి. దారిన పోయేవాళ్లు ఆగి, "ఏమప్పా, ఏం కొట్టినావు? చెనక్కాయ చెట్టు గాదు, కందిచెట్టు మాదిరి ఉండాదే!" అని అడిగేవాళ్లు. "మా పాప టానిక్" అనేవాడు పెద్దనాయన, మీసం దువ్వుకుంటూ. నేను సెలవు పెట్టి పోయి, చేలో నిలబడి ఫొటో దిగి ఫోన్ స్టేటస్‌లో పెట్టుకున్నాను. ఆకు ఎందుకింత పాలిపోయిందన్న అనుమానం ఒక్క క్షణం వచ్చింది. ఫొటోలో కనపడదులే అని సరిపెట్టుకున్నాను.

పెద్దమ్మ మాత్రం వంగి చెట్టు కొమ్మలు పక్కకు తీసింది. "ఇట్ల రా తల్లీ, ఈ ఊడలు చూడు" అంది. పూత తరవాత వేరుశనగకు ఊడలు దిగుతాయి. అవి నేలలోకి దూరితేనే కాయ. మా చేలో కింది కణుపుల ఊడలు ఏవో కొన్ని నేలను పట్టుకున్నాయి. తక్కినవన్నీ జానెడు ఎత్తున గాలిలో వేలాడుతున్నాయి. నేను పరిగెత్తి పోయి సీసాలు చూశాను. నిండుగా ఉండాల్సిన హార్మోను సీసా సగానికి దిగిపోయింది. మొక్కకు పొడుగవమని ఆజ్ఞ వేశాం, అది తు.చ. తప్పకుండా పాటించింది. కాయమని మేం చెప్పలేదు కదా. రెండు జాతులకూ తేడా ఏమిటో నాకు నిజంగా అర్థమైంది ఆ పూటే. ఒక ఇంటి విత్తనం పణంగా పెట్టి నేర్చుకున్నాను.

"ఏడ్చేది ఆపి డ్రమ్ము పట్టు" అంది పెద్దమ్మ. ఆమె పుట్టింట్లో తీగ మరీ సాగితే ఖాళీ డ్రమ్ము దొర్లించి, ఊడలు నేలకు తగిలేలా అణిచేవాళ్లట. ఆమె ఒక పక్క, నేనొక పక్క. నా స్టేటస్ చూసి టానిక్ కోసం వచ్చిన రైతులు గట్టు మీద నిలబడి, నేను ముచ్చటపడి పెంచిన చెట్ల మీద నేనే డ్రమ్ము దొర్లించడం కళ్లారా చూశారు. వెనకే పెద్దనాయన పారతో మట్టి ఎగదోశాడు. కాయలు పీకినప్పుడు మళ్లీ విత్తడానికి ఎట్లాగో సరిపోయాయి. ఆ ఏడు ఇంట్లోకి ఒక్క గింజ మిగల్లేదు. పెద్దమ్మ చెనక్కాయ ఊరిబిండి పచ్చడి నూరకుండానే సంవత్సరం గడిపింది.

ఊళ్లో అడిగినవాళ్లందరికీ పెద్దనాయన ఒకటే మాట చెప్పాడు: "పాప సరిగ్గానే చెప్పింది. నాకే చెవుడు. ఒక సీసా అంటే ఇంగో సీసా కొట్టినా." ఆయనకు చెవుడేమీ లేదు. ఆయన చెప్పిన ఈ చెవుడు కథ అంగడికి వచ్చిన రైతులే నాకు చెప్పి నవ్వుకున్నారు. నేనూ వాళ్లతో పాటు నవ్వాను. ఉద్యోగం పోతుందన్న భయంతో నోరు విప్పలేదు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఇప్పుడు నాకు సొంత అంగడి ఉంది. పోయిన ఏడాది పదిమంది రైతులు కూర్చుని ఉండగా, పెద్దనాయన కూడా అక్కడే టీ తాగుతుండగా, ధైర్యం చేసి అసలు సంగతి మొత్తం చెప్పేశాను. తప్పు నాదేనన్నాను, ఫోన్లో నేనన్న మాట ఉన్నదున్నట్టు చెప్పాను. తరవాత ఒక ముసలాయన పెద్దనాయన భుజం తట్టి, "ఏమన్నా, ఎంత మంచి బిడ్డ! నీ తప్పు కూడా తన మీద ఏసుకుంటాండాది" అన్నాడు. పెద్దనాయన నా వైపు చూడకుండా టీ ఊదుకుంటూ, గట్టిగా, "ఏమంటాండావు? ఇనపల్యా" అన్నాడు.