శుక్రవారం క్యారేజీలో గోంగూర పచ్చడి

మనం అడగకముందే మన అక్కర ఎరిగిన తండ్రికి స్తోత్రం కలుగును గాక.

నిరుడు ఈస్టరుకు ముందు ఉపవాసాలుండే తపస్సు కాలంలో ఒక శుక్రవారం రెంటచింతలలో నరసరావుపేట బస్సెక్కాను. నాకు బీపీ ఇప్పుడిప్పుడే మొదలవుతోందని అంతకుముందే ఒక డాక్టరు చెప్పి, “ఇంకాస్త పెరిగాక రండి, బిళ్లలు రాస్తాను” అన్నారు. బీపీతోనే మా అమ్మకు పక్షవాతం వచ్చి మంచాన పడింది. ఆ భయం నన్ను వదల్లేదు.

గురజాల దాటాక క్యారేజీ విప్పాను. పక్క సీట్లో ఉన్నావిడ తొంగిచూసింది.

“ఏందక్కా, వట్టి పచ్చడేనా?”

“ఉపవాసమమ్మా. కూరలు మానేసి గోంగూర పచ్చడి, ఊరమిరపకాయలే తింటున్నా. నాకు బీపీ రాకూడదని మొక్కుకున్నా.”

ఆమె పకపకా నవ్వింది. “నేను డాక్టర్ని అక్కా. బీపీ రాకూడదని ఇంత ఉప్పు తినేవాళ్లను నిన్నే చూశా!”

“మా డాక్టరు ఉప్పు సంగతి చెప్పలేదే!”

“చెబితే వింటారా? ఉప్పు తగ్గించు, రోజూ నడువు అంటే, ‘సూది కూడా వెయ్యలేదు, ఇదేం వైద్యం’ అని ఇంకో ఆసుపత్రికి పోతారు. మాలో చానామంది అందుకే చెప్పడం మానేశారు. నేను మాత్రం తిట్టించుకునైనా చెబుతా.”

నా పచ్చడి మూతలోకి తీసి, తన డబ్బాలోని సొరకాయ పప్పు నా అన్నంలో వేసింది. “ఇది తిన్నా దేవుడు కోప్పడడులే.”

చప్పగా ఉంది. అయినా కడుపునిండా తిన్నాను.

ఈ ఏడు కూడా ఉపవాసానికి ఆ పప్పే వండుకుంటున్నాను. బీపీ పెరగలేదు.

రోగం ముదరకముందే నోరు విప్పే వైద్యులను మన పల్లెలకు పంపమని, వారి మాట వినే మనసు మనకిమ్మని, ప్రియులారా, నాతో కలిసి ప్రార్థించండి. ఆమెన్.