పెట్టెలో వేయని కవరు

తొమ్మిదేళ్లుగా దీన్ని మోస్తున్నాను. మా ఆయనకు తెలియదు, పిల్లలకు తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నానేమో. ఒక మనిషి నన్ను నమ్మింది. ఆమెను మోసం చేశాను. అంతటితో ఆగకుండా ఆ నింద మరో మనిషి మీద పడేలా చేశాను.

మాది కాలిఫోర్నియాలో సముద్రం ఒడ్డున చిన్న ఊరు. నీళ్లలోకి కట్టిన పియర్ అనే వంతెన దగ్గర మాకు ఐస్‌క్రీమ్ షాపు ఉంది. అదే వీధికి ఆ చివర సుభద్రక్క దోసెలు, ఫిల్టర్ కాఫీ అమ్మే హోటల్ నడిపేది. మేమిక్కడికి వచ్చిన కొత్తలో ఆమెది తప్ప మరో తెలుగిల్లు లేదు. నా రెండో కాన్పుకు పథ్యం వండిపెట్టింది ఆమే.

ఆ వీధి దుకాణాలవాళ్లందరం కలిసి డిస్ట్రిక్ట్ అని ఒక సంఘంగా ఏర్పడ్డాం. ఏటా తలా కొంత వేసుకుంటాం. దాంతో పేవ్‌మెంట్లు కడిగిస్తారు, దీపస్తంభాలకు పూలబుట్టలు కడతారు, జనం రాని చలికాలంలో సంగీతం పెట్టిస్తారు. అన్నిటికన్నా ముఖ్యం ట్రాలీ. వేసవిలో ఊరి బయట పార్కింగ్ నుంచి జనాన్ని ఉచితంగా తెచ్చి దింపే బండి. అది సుభద్రక్క హోటల్ ముందు ఆగేది. దిగినవాళ్లు అక్కడ కడుపు నింపుకుని తీరిగ్గా మా వైపు నడిచి వచ్చేవారు.

ఒక ఏడాది ఆ స్టాప్‌ను పియర్ దగ్గరికి మార్చాలన్నారు. దుకాణానికో ఓటు, పేరు రాయని కవరులో. సమానంగా పడితే స్టాప్ ఉన్నచోటే ఉంటుంది. అదే వారం వేరే రాష్ట్రంలో, కాపెల్ అనే ఊళ్లో ఉన్న కూతురికి నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయని సుభద్రక్క విమానం ఎక్కింది. వెళ్తూ వెళ్తూ తన కవరు అంటించి నా చేతిలో పెట్టింది. నేనుండగా తనకు బెంగ లేదంది. నేనూ మార్చొద్దనే వేస్తానని ఆమెకు మాటిచ్చాను.

మార్చమనే వేశాను.

ఆమె కవరు మరిచిపోయానని చెప్పుకోవచ్చు. మరిచిపోలేదు. ఓట్ల పెట్టె ముందు నిలబడి నాది వేశాను. చెయ్యి మళ్లీ బ్యాగులోకి వెళ్లింది, ఆ కవరును తాకింది, ఖాళీగా బయటికొచ్చింది. ఎందుకు? మాకు గడవకనా? కాదు. ఆమె హోటల్ ముందు జనాన్ని చూసినప్పుడల్లా ఆమె చేతి పథ్యం తిన్న నేనే ఆమెకు కొంచెం బేరం తగ్గితే బాగుండునని అనుకునేదాన్నని ఇప్పుడు రాస్తుంటే నా మీద నాకే రోత పుడుతోంది.

ఒక్క ఓటు తేడాతో స్టాప్ మా వైపు వచ్చింది.

సుభద్రక్క మనవణ్ణి చూసుకుని తిరిగొచ్చిన రోజు నేరుగా మా షాపుకే వచ్చింది.

"మార్చొద్దన్న మనవాళ్లందరూ అలాగే వేసుంటే స్టాప్ కదిలేది కాదే. ఎవరో మాటిచ్చి తప్పారు. నా కవరు వేశావు కదా?"

"వేశానక్కా."

"మరి ఎవరై ఉంటారంటావ్?"

నోరు జారానంటే అబద్ధం. ఆలోచించే అన్నాను. "కేరల్ ఆ వారమంతా పియర్ షాపులవాళ్లతోనే మాట్లాడుతూ కనిపించింది. నాకైతే తెలీదు మరి."

కేరల్ అంటే సుభద్రక్క హోటల్ పక్క షాపులో పూలమ్మే ఆవిడ. రోజూ పొద్దున్నే హోటల్ తెరవకముందు ఇద్దరూ కలిసి కాఫీ తాగేవారు. పియర్ వాళ్లతో కేరల్ మాట్లాడిన మాట నిజమే. స్టాప్ మార్చొద్దని వాళ్లను బతిమాలింది. ఆ సంగతి నాకు తెలుసు.

మర్నాటి నుంచి సుభద్రక్క ఆమెతో మాట్లాడలేదు. తానేం తప్పు చేసిందో చెప్పమని కేరల్ చాలాసార్లు అడిగింది. నన్నూ అడిగింది. నాకు తెలియదన్నాను. రెండేళ్లకు హోటల్ మూతపడింది. సుభద్రక్క కూతురి దగ్గరికి వెళ్లిపోయే రోజున కేరల్ బంతిపూలు పట్టుకుని పేవ్‌మెంట్ మీద నిలబడితే, అక్క ఆమె వైపు చూడకుండా కారెక్కింది. అంతకుముందు నన్ను గట్టిగా పట్టుకుంది. ఈ ఊళ్లో తనకు మిగిలింది నేనొక్కదాన్నేనంది. ఆ మాటకైనా నోరు విప్పాల్సింది కాదా? విప్పలేదు.

పోయిన వారం ఆమె ఫోన్ చేసింది. మాటల్లో కేరల్ ప్రస్తావన వచ్చి, పరాయివాళ్లు చేస్తే మరిచిపోవచ్చు గానీ స్నేహితులు చేసింది చచ్చేదాకా పోదంది. అప్పుడు చెప్పేశాను. కవరు సంగతి, కేరల్ సంగతి, అన్నీ. కేరల్‌కు తెలుసా అని అడిగింది. తెలియదన్నాను. ఫోన్ పెట్టేసింది. తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు.

ఈ పొద్దున కేరల్ షాపుకు వెళ్లాను. చివరిదాకా విన్నది. తిట్టలేదు. సుభద్రక్క నంబరు మాత్రం అడిగింది. ఇచ్చాను. నన్ను బయటికి వెళ్లమని తలుపు చూపించి, లోపలి నుంచి గడియ పెట్టుకుంది.

వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో, అసలు మాట్లాడుకున్నారో లేదో నాకు తెలియదు. ఇంటికొచ్చి అన్నం తిన్నాను. చాలా ఏళ్ల తర్వాత రుచి తెలిసింది. అలా తెలిసినందుకు సిగ్గేసింది. అయినా కంచం ఖాళీ అయ్యేదాకా తిన్నాను.