థర్మన్ ఇంట్లో లేడు

మార్చి మొదటి శుక్రవారం మధ్యాహ్నం వచ్చిందంటే మా కొండల్లో పని అన్నది పేరుకే జరిగేది. బళ్ళో టీచర్లు చక్రాల బల్ల మీద టీవీని తరగతిలోకి తోసుకొచ్చి, కిటికీ తెరలు దించేసి, "లెక్కలు ఎక్కడికీ పోవు, సోమవారం చూసుకుందాం" అనేవారు. మంగలి కుర్చీలో సగం గడ్డం గీయించుకున్నవాడు రెండో చెంప మీద నురగతోనే లేచి నిలబడేవాడు. మేజోళ్ళ మిల్లులో మేస్త్రీ తన రేడియోని మైకు ముందు పెట్టేవాడు. మిషన్ల హోరులో స్కోరు అందరికీ వినపడేది కాదు. వినపడినవాళ్ళు చెయ్యెత్తి వేళ్ళు చూపిస్తే, ఆ వేళ్ళు వరస చివరిదాకా ఒకరి నుంచి ఒకరికి వెళ్ళేవి.

అది కాన్ఫరెన్సు టోర్నమెంటు. తూర్పు తీరం వెంబడి ఏడెనిమిది పెద్ద కాలేజీలు ఒక కట్టుగా చేరి, చలికాలమంతా తమలో తాము బాస్కెట్‌బాల్ ఆడి, చివరికి ఒకేచోట తేల్చుకునేవి. ఆ కట్టుకే కాన్ఫరెన్సు అని పేరు. నార్త్ కరొలైనాలో పుట్టినవాడికి అది ఆటల ఏర్పాటు కాదు, చుట్టరికం. పిల్లనిచ్చేటప్పుడు కుర్రాడు ఏ చర్చికి వెళ్తాడో అడిగాక, ఏ కాలేజీ పక్షమో కూడా అడిగేవారు. ఇప్పుడా కట్టులోకి దేశానికి అటు చివర, పడమటి సముద్రం ఒడ్డు కాలేజీలు కూడా వచ్చి చేరాయి. పేర్లు మా ముసలివాళ్ళ నోట తిరగవు. చుట్టరికం పెరిగినకొద్దీ పలచబడుతుందేమో.

ఓలీటా గ్రాగ్ ఆ మేజోళ్ళ మిల్లులోనే పనిచేసేది. మిషను మీంచి వచ్చే మేజోడు వేళ్ళవైపు తెరుచుకుని ఉంటుంది. ఆ మూతిని కుట్టి మూయడం ఆమె పని. భర్త థర్మన్ కలప లారీ తోలేవాడు. ఒక్కగానొక్క కొడుకు రాండల్ ఇంకా బళ్ళో చదువుతుండగానే థర్మన్ గుండె ఆగి పోయాడు. పోయేముందు అతను చేసిన మంచి పనుల్లో ఒకటి, పొగాకు కొట్టం గోడకి కొడుకు బంతి వేసుకోడానికి ఒక గుండ్రటి ఇనప చట్రం బిగించడం.

ఆ చట్రం కిందే తల్లీ కొడుకుల సాయంకాలాలు గడిచేవి. మిల్లు నుంచి వచ్చి, కాళ్ళకున్న బూట్లు కూడా విప్పకుండా ఓలీటా చట్రం కింద నిలబడేది. రాండల్ కొట్టిన బంతిని అందుకుని మళ్ళీ వాడికి విసిరేది. వాడికి కట్టెల మేటు పక్కనున్న మూల అంటే ప్రాణం. అక్కణ్ణుంచి వదిలితే బంతి చట్రాన్ని తాకకుండా దిగేది. చేతిలో బంతి ఉండి, కాలి కింద ఆ మూల ఉంటే, వాడు ఇంకెవర్నీ చూసేవాడు కాదు.

"ఎదురుగా నేనున్నాను, నాకిద్దామని లేదట్రా?" అనేది తల్లి.

"నీకిస్తే నువ్వు కొడతావా?"

"ఎందుక్కొట్టనూ!"

"చివరిసారి నువ్వు కొట్టింది పక్కింటి కోడికి తగిలిందమ్మా."

వాడు ఎదిగి గుమ్మానికి తలవంచే ఎత్తుకొచ్చాడు. కాలేజీల కళ్ళు పడ్డాయి. డెబ్బై మూడు చలికాలంలో ఇద్దరు కోచ్‌లు ఆ వంటింట్లో కూచున్నారు.

మొదట వచ్చినవాడు హోబాక్. ఒహాయోలో ఆష్‌బీ అని ఒక చిన్న కాలేజీ ఉంది, అక్కణ్ణుంచి బురద కొట్టుకున్న కారులో ఒక్కడే వచ్చాడు. ఉడకబెట్టిన చిక్కుడు గింజలు, మొక్కజొన్న రొట్టె మారు వడ్డించుకుని మరీ తిన్నాడు.

"ఉన్నమాట చెప్తానమ్మా. మాదీ ఒక కాన్ఫరెన్సే. పేరు చెప్తే మా ఆవిడకే గుర్తుండదు. టీవీలో రాం. మా జిమ్ములో చలేస్తే ప్రేక్షకులు కోటు విప్పరు. కానీ మీవాడు మొదటి రోజు నుంచీ ఆడతాడు. ఆ మూల నుంచే ఆడిస్తాను."

తర్వాతి వారం ప్రెస్నెల్ వచ్చాడు. పెద్ద కాలేజీ, అసలైన కాన్ఫరెన్సు. వెంట ఇద్దరు సహాయకులు, వేలికి ఛాంపియన్లయిన జట్టుకిచ్చే ఉంగరం. కిటికీల దగ్గర ఇరుగుపొరుగు ముక్కులు అద్దానికి ఆనించి చూస్తున్నారు. ఆయన మర్యాదస్థుడే. అబద్ధం ఒక్కటీ చెప్పలేదు. ముందుగదిలో ఉన్న టీవీ వైపు చెయ్యి చూపించి, "అమ్మగారూ, ఇక శనివారం శనివారం మీ అబ్బాయి అందులో కనిపిస్తాడు. మీ మిల్లంతా చూస్తుంది" అన్నాడు.

కనిపిస్తాడన్నాడు గానీ ఆడతాడనలేదని ఓలీటాకి తెలిసింది. ఏళ్ళ తరబడి చట్రం కింద నిలబడిన మనిషి. కొడుకు చెయ్యి బంగారమనీ, కాలు అరక్షణం ఆలస్యమనీ, ఆ కాన్ఫరెన్సులో ఆ అరక్షణం ఎవడూ వదలడనీ ఆమెకి తెలుసు. చెప్పాలనుకుంది. కానీ శనివారం టీవీలో కొడుకు అన్న మాట అప్పటికే ఆమె గొంతులో తీపిలా దిగింది. "కొంచెం అరటిపండు పుడ్డింగు వేసుకోండి" అని గిన్నె ముందుకు జరిపింది.

రాండల్ ఆమె ముఖమే చూస్తున్నాడు. మర్నాడు పొద్దున్నే, "పెద్ద కాలేజీకే వెళ్తానమ్మా" అన్నాడు.

ఊరు ఊరంతా ఊగిపోయింది. మిల్లులో ఓలీటా పక్క మిషను మీద కుట్టే జెర్లీన్, పదేళ్ళ స్నేహితురాలు, వచ్చి వాటేసుకుంది.

"శనివారాలు మకాం మీ ఇంట్లోనే! వేయించిన కోడి నాది, టీవీ నీది. ఏమే, మనవాణ్ణి చూపించినప్పుడల్లా నువ్వు ఏడుస్తావేమో, రుమాలు కూడా నేనే తెస్తాలే."

అలా మొదలయ్యాయి శనివారాలు. సోఫా నిండేది, నేల నిండేది. ఆట సాగుతున్నంతసేపూ రాండల్ కనిపించేవాడు కాదు. ఆట కాసేపు ఆపి టైమౌట్ పిలిచినప్పుడు కెమెరా ఆడనివాళ్ళు కూచునే బెంచీ వైపు తిరిగేది, అప్పుడు కేకలు. "అదిగో మోచెయ్యి!" "అది మోచెయ్యి కాదే, వాటర్ బాటిలు." "బాటిలు పట్టుకున్న మోచెయ్యి మనవాడిదే!" రాండల్ పనల్లా అలిసి వచ్చిన ఆటగాడికి లేచి కుర్చీ ఇవ్వడం, తువ్వాలు అందించడం, వీపు తట్టడం. వాడు ఆ తువ్వాళ్ళని చక్కగా మడతపెట్టేవాడు. ఇంట్లో ఏనాడూ తన చొక్కా మడతపెట్టని కుర్రాడు.

మొదటి ఏడాది నవ్వుల్లో గడిచింది. రెండో ఏడాది ఫిబ్రవరిలో ఒక శనివారం, వాళ్ళ జట్టు ఎంతో ముందుంది. ఇంక ఓడే భయం లేదని ప్రెస్నెల్ చివరి కుర్చీల పిల్లల్ని కూడా దింపాడు. రాండల్ దిగాడు. ఇంట్లో జెర్లీన్ చేతిలో కోడికాలు ఎగిరి తివాచీ మీద పడింది. అందరూ లేచి నిలబడ్డారు. బంతి తిరిగి తిరిగి మూలకి వచ్చింది. అదే మూల, కట్టెల మేటు వైపు మూల. ఎదురుగా ఎవరూ లేరు. వాడి చేతిలో బంతి.

వాడు పక్కవాడికి ఇచ్చేశాడు.

"చూశారా ఎంత మర్యాదగా ఇచ్చాడో! స్వార్థం లేని పిల్లాడే తల్లీ" అని జెర్లీన్ చప్పట్లు కొట్టింది. మిగతావాళ్ళూ కొట్టారు. ఓలీటా మాత్రం నెమ్మదిగా కూచుంది. పరాయి ఇంట్లో భోజనానికి కూచున్న పిల్లవాడు, ఆకలున్నా ఇంకో ముక్క అడగడానికి మొహమాటపడినట్టు అనిపించింది ఆమెకి. రెండేళ్ళలో వాడు ఆ ఇంటికి చుట్టమైపోయాడు.

ఈస్టరుకి రాండల్ వచ్చాడు. భోజనాలయ్యాక ఓలీటా బంతి తీసుకుని పెరట్లోకి నడిచింది. వాడు వెనకాలే వెళ్ళాడు. కాసేపు ఆడాక ఆమె బంతిని చేతుల్లోనే ఉంచుకుని అడిగింది.

"ఆ రోజు ఎందుకిచ్చేశావురా?"

ఏ రోజు అని వాడు అడగలేదు. "గురి తప్పితే బాగుండదని."

"గురి తప్పుతుందని భయపడ్డం ఎప్పుడు నేర్చుకున్నావు?"

వాడు బూటుతో మట్టి గీస్తూ నిలబడ్డాడు.

"ఆ ఒహాయో ఆయనకి ఫోన్ చెయ్యి" అందామె.

"అక్కడికెళ్తే శనివారాలు నన్నెలా చూస్తావు? నువ్వు చూస్తావనే గదమ్మా నేను..."

"తెలుసురా. ఆ సాయంత్రమే తెలుసు. తెలిసీ పుడ్డింగు వడ్డిస్తూ కూచున్నాను." బంతిని వాడి గుండె మీదికి విసిరింది. "నువ్వు తువ్వాళ్ళు మడవడం రెండేళ్ళు చూశాను. చాలు. ఎక్కడో ఆడుతున్నావని తెలిస్తే, నాకు కనపడకపోయినా ఫర్వాలేదు."

వాడికి చెయ్యాడక, ఆమే ఫోన్ చేసింది. అటు నుంచి హోబాక్, "చోటుందమ్మా. కాలేజీ మారితే ఒక ఏడాది ఆడనివ్వరు, అది నిబంధన. ఆ తర్వాత నా వాడే. ఆ మూల నుంచి ఇంకా కొడుతున్నాడా?" అన్నాడు.

"మానేశాడండి. మీరే మళ్ళీ అలవాటు చెయ్యాలి."

ఊళ్ళో వాళ్ళకి ఇది మింగుడుపడలేదు. కాన్ఫరెన్సు వదిలి పోవడమంటే వాళ్ళ దృష్టిలో మతం మారినట్టే. "బెంచీ అయితే మాత్రం ఏ బెంచీ అది!" అని మేస్త్రీ రోజుల తరబడి తల తిప్పుకున్నాడు. శనివారాలు సోఫా ఖాళీ అయింది. జెర్లీన్ ఒక్కతే అలవాటు చొప్పున కోడి వేయించి తెచ్చేది. ఇద్దరూ వేరేవాళ్ళ పిల్లలు ఆడే ఆట చూసేవారు.

ఒక ఏడాది ఆగి, రాండల్ ఆష్‌బీలో ఆడటం మొదలుపెట్టాడు. అక్కడి ఆటలు శనివారం సాయంత్రాలు. మా కొండల్లోకి ఆ రేడియో కూడా అందదు. దూరం ఊరికి ఫోనంటే ఖరీదు. అందుకని తల్లీ కొడుకులు మా వైపు అందరికీ తెలిసిన ఒక ఉపాయం పన్నారు. ఆ రోజుల్లో ఆపరేటర్‌కి, "ఫలానా మనిషి ఉంటేనే కలపండి, డబ్బు అటువాళ్ళు కడతారు" అని చెప్పొచ్చు. ఆ మనిషి లేడంటే ఎవరికీ ఖర్చు లేదు. కాబట్టి, గెలిస్తే థర్మన్‌ని అడగాలి, ఓడితే ఎప్పుడో టెనెసీ వెళ్ళిపోయిన ఫ్లాసీ పిన్నిని అడగాలి.

ఆదివారం పొద్దున్న చర్చికి టోపీ పెట్టుకునే వేళకి ఫోను మోగేది.

"థర్మన్ గ్రాగ్ గారికి ఆష్‌బీ నుంచి కాల్. ఉన్నారా?"

"థర్మన్ ఇంట్లో లేడండీ" అని ఓలీటా ముఖమంతా నవ్వుతో ఫోను పెట్టేసేది.

"చర్చికి పోతూ అబద్ధాలేమిటే!" అనేది జెర్లీన్.

"అబద్ధమేముందీ? ఇంట్లో ఉన్నాడా ఏం? నువ్వు వెళ్ళే చర్చి సమాధుల దొడ్లోనే గదే ఉన్నాడు. దార్లో మనమే చెప్దాం గెలిచారని."

కొన్ని వారాలకి ఆష్‌బీ ఆపరేటర్ గొంతులో ఏదో మార్పొచ్చింది. ఎప్పుడూ ఒకే ఆడమనిషి. థర్మన్ లేడని చెప్పాక, లైను తెగేలోపు చిన్నగా అంది: "నిన్న జిమ్ములో నేనూ ఉన్నానమ్మా. ఆ మూల నుంచి ఒకటి వేశాడు చూడండీ... నేనేం చెప్పలేదు, ఉంటాను." అలా వారం వారం ఒక వాక్యం. "అవతలివాడు అడుగు దూరంలో ఉన్నా వెయ్యడం మానలేదమ్మా." "నిన్న మడమ నొప్పితో కొంచెం కుంటాడు, భయంలేదు." ఆ వాక్యాలు మిషను ముందు కూచుని వారమంతా నెమరేసుకునేది ఓలీటా. రెండేళ్ళు టీవీలో చూసినదాని కంటే ఆ ముక్కల్లోనే కొడుకు ఎక్కువ కనపడేవాడు.

ఆఖరి ఏడాది మార్చి వచ్చింది. ఇక్కడ పెద్ద కాన్ఫరెన్సు సందడిలో ఊరు మునిగి ఉంటే, అక్కడ ఆ పేరు గుర్తుండని చిన్న కాన్ఫరెన్సులో ఆష్‌బీ ఫైనల్‌కి చేరింది. శనివారం సాయంత్రం ఆట. ఆదివారం పొద్దున్న ఓలీటా తెల్లవారకముందే తయారై, టోపీ పెట్టుకుని, ఒక చేతికి తొడుగు వేసుకుని, రెండో తొడుగు పట్టుకుని ఫోను పక్కనే నిలబడింది. బయట కారులో జెర్లీన్ హారన్ మోగిస్తోంది.

ఫోను మోగింది.

"ఆష్‌బీ నుంచి కాల్," అంది ఆ గొంతు. ఈసారి కాస్త తడబడింది. "ఓలీటా గ్రాగ్ గారికి. ఉన్నారా?"

థర్మనూ కాదు, ఫ్లాసీ పిన్నీ కాదు. ఏ దెబ్బ తగిలిందో, ఏ ఆసుపత్రో.

"ఉన్నానండీ. ఇంట్లోనే ఉన్నాను. కలపండి, తల్లీ."

"అమ్మా, నేనే. ఏం కాలేదు, బాగానే ఉన్నాను."

"మరి చంపేశావు గదరా! ఎవర్నీ అడక్కుండా నన్నడిగావేం?"

"ఎవర్నడగాలో తెలీలేదమ్మా. ఆఖర్న బంతి మూలకి వచ్చింది."

"ఏ మూల?"

"కట్టెల మూల. ఒక్క పాయింటు వెనకున్నాం. అటువైపు మావాడొకడు ఖాళీగా ఉన్నాడు, చెయ్యెత్తి అరుస్తున్నాడు."

ఓలీటా కుర్చీ లాక్కుని కూచుంది. "ఇచ్చేశావా?"

"లేదు. కొట్టాను."

"పడిందా?"

"చట్రం మీద రెండుసార్లు ఎగిరింది. బయటికి పోయింది. ఓడిపోయామమ్మా. ఫ్లాసీ పిన్నిని అడుగుదామని నోటిదాకా వచ్చింది గానీ, ఎందుకో ఓడినట్టు లేదు."

ఆమె చేతిలో ఉన్న రెండో తొడుగు ఒళ్ళో పెట్టుకుంది. టోపీ పిన్ను తీసింది. టోపీ తీసి బల్ల మీద పెట్టింది.

"మొదట్నుంచీ చెప్పు," అంది. "మొదట బంతి పైకెగరేసినప్పటి నుంచి. ఏదీ వదలకు."

వాడు చెప్పడం మొదలుపెట్టాడు. హారన్ మోగి మోగి ఆగింది. తలుపు తోసుకుని జెర్లీన్ వచ్చింది. "ఏమే, చర్చిలో పాట మొదలైపోయి ఉంటుంది, ఇంకా కూచున్నావేం!"

ఓలీటా కళ్ళు మూసుకునే ఉంది. ఫోను మూతికి చెయ్యి అడ్డం పెట్టి, గుసగుసగా అంది:

"నువ్వెళ్ళవే. నేను ఆట చూస్తున్నాను."