ఇటలీ సినిమాలో లేని తమ్ముడు

నిరుడు వానాకాలం, ఛత్తీస్‌గఢ్‌లో. జగదల్‌పూర్ బస్టాండు వెనక సందులో నా దుకాణం. పాత క్యాసెట్లను పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించడం నా పని. దీన్ని ట్రాన్స్‌ఫర్ అంటాం. ఏడో తరగతిలో చదువు నన్ను వదిలిందో, నేను చదువును వదిలానో గుర్తులేదు గానీ, ఇద్దరం మళ్ళీ కలుసుకోలేదు. ఎక్కువగా పెళ్ళి క్యాసెట్లు వస్తాయి. భార్యాభర్తలు పక్కపక్కనే కూర్చుని, తెర మీద కనిపించే ఆ బక్కపలచని ఇద్దరూ ఎవరా అన్నట్టు చూస్తారు.

ఆ రోజు వచ్చింది మామా అల్లుళ్ళు. మామ కనకయ్యది తెలంగాణ సరిహద్దున పామేడు వైపు పల్లె, వ్యవసాయం; అల్లుడింటికి చుట్టపుచూపుగా వచ్చాడు. అల్లుడిది విజయనగరం, నగర్‌నార్ స్టీల్ ప్లాంటులో ఉద్యోగం. అల్లుడి చేతిలో కొత్త బ్లూ-రే డిస్కు. ఎప్పటిదో ఇటలీ దొంగా పోలీసు సినిమాను అక్కడి కంపెనీవాళ్ళు బూజు దులిపి మళ్ళీ విడుదల చేశారు. అట్ట మీద మీసాల మనిషి, పిస్తోలు, గాల్లో ఒక కారు. మామగారికి ప్రాణమైన సినిమా అని అల్లుడు కష్టపడి తెప్పించాడు. మామకు అంత ప్రేమగా కానుక తెస్తే తగాదా రాక మానుతుందా?

"ఇండ్ల తమ్ముడు లేడు. కోసేసిన్రు. నువ్వు ఎతికి తియ్యాలె," అన్నాడు కనకయ్య, నా ముందు స్టూలు లాక్కుని.

ఏ తమ్ముడు అని అడిగితే కథంతా చెప్పాడు. ఆయన వయసులో ఉన్నప్పుడు ఒకాయన ట్రాక్టరు మీద టీవీ, వీసీఆర్, జనరేటర్ వేసుకుని ఊళ్ళు తిరిగేవాడు. ఈ సినిమా రెండు క్యాసెట్లలో ఉండేది. అందులో వాళ్ళు మాట్లాడే ముక్క ఒక్కరికీ అర్థమయ్యేది కాదు. అందుకని కనకయ్య టీవీ పక్కన మైకు పట్టుకుని నిలబడి, సగం తెలుగులో, సగం అక్కడి గిరిజనుల దోర్లీ భాషలో కథ చెప్పేవాడు. ఆయనకు మాత్రం ఎవరు చెప్పారు? బొమ్మ చూసి చెప్పడమే. అన్నదమ్ములిద్దరు, ఒకటే మొహం. అన్న చనిపోతాడు, తమ్ముడు జైలు నుంచి వస్తాడు. ఆ కథ ఊరికి ఎంత నచ్చిందంటే, ఇప్పటికీ నలుగురు చేరితే కనకయ్య చేత చెప్పించుకుంటారు.

కొత్త డిస్కులో తమ్ముడు లేడు. అల్లుడు లాప్‌టాప్‌లో వేసి, కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు చదివి, ఉన్నది ఒక్కడేనని తేల్చాడు. తేల్చి ఊరుకోక, నవ్వుతూ ఊళ్ళో బావమరిదికి ఫోన్ చేసి చెప్పాడు. సాయంత్రానికి ఊరంతా పాకింది.

"ఎల్లుండి ఊరికి పోవాలె. అబద్ధాల కనకయ్య అంటున్నరంట. ఏ మొఖం పెట్టుకొని పోవాలె?"

అల్లుడు నేల చూపులు చూశాడు. "నేను సరదాకి అన్నానండి," అన్నాడు నాతో. మామతో అనే ధైర్యం లేదు.

నా ప్లేయర్‌లో మాత్రం ఆ డిస్కు ఆడనంది. రీజియన్ కోడ్, అంటే ఏ ప్రాంతంలో అమ్మిన డిస్కు ఆ ప్రాంతపు ప్లేయర్‌లోనే తిరగాలని పెట్టిన తాళం. దానికి వేరే ప్లేయర్ ఉంది, అటక మీంచి దించాను. ఎక్స్‌ట్రాస్ అని సినిమాతోపాటు ఇచ్చే అదనపు ముక్కల్లో తమ్ముడు దాక్కున్నాడేమో వెతికాను. ఒకప్పుడు ఆ సినిమా తీసినవాళ్ళే కాబోలు, కుర్చీల్లో కూర్చున్న ముసలాళ్ళు చేతులు తిప్పుకుంటూ మాట్లాడుతున్నారు.

"వీళ్ళల్ల తమ్ముడు ఎవ్వడు?" అన్నాడు కనకయ్య.

"ఇప్పటికి ఇంత ముసలోడైతే నేనెట్లా గుర్తుపట్టేది పెద్దయ్యా?" అన్నాను. ఆయన నవ్వలేదు. నాకూ బుర్ర పని చేయడం మానేసింది. వేరే సినిమానా అంటే కాదు, అదే కారు, అదే మీసం.

సరే, మొదటి నుంచి చూద్దామని వేశాను. జైలు గేటు తెరుచుకుంది, మీసాలాయన బయటికొచ్చాడు.

"ఇది సగం అయినంక వస్తది," అన్నాడు కనకయ్య.

"మరి మొదట్లో ఏంది?"

"కార్లు గుద్దుకుంటయి. పడవల రేవుకాడ అన్నను కాలుస్తరు."

సినిమా చివరికి జరిపాను. రేవు, మెట్లు, తుపాకులు, మీసాలాయన చావు. నేను డిస్కు వంకా కనకయ్య వంకా మార్చి మార్చి చూశాను. అప్పుడు మా మేనమామ గుర్తొచ్చాడు. కొంట వైపు ఆయనదీ ట్రాక్టరు ఆటే. డీజిల్ ఎప్పుడు అయిపోతుందో తెలియదు. ఫైటింగులు రాకముందే జనరేటర్ ఆగితే జనం ఊరుకోరు. అందుకని ఆ వైపు ఊళ్ళలో సినిమా ఆడించేవాళ్ళు ఫైటింగులున్న రెండో క్యాసెట్టే ముందు వేసేవారు. మొదటిది, డీజిల్ మిగిలితే.

డిస్కు సినిమాను ముక్కలుగా చూపిస్తుంది, వాటిని చాప్టర్లు అంటారు. రెండో సగం ముందు వేసి, తర్వాత మొదటి సగం పెట్టాను. కనకయ్య తనంతట తనే లేచి టీవీ పక్కకు పోయి నిలబడ్డాడు, మొదలెట్టాడు. అన్న చచ్చాడు. జైలు గేటు తెరుచుకుంది. "వచ్చిండు తమ్ముడు," అన్నాడు. అన్నీ తెలిసిన నేను కూడా వీడు తమ్ముడేనని నమ్మాను. అల్లుడు ఇంగ్లీషు చదవడం మర్చిపోయాడు. మొదటి సగం ఎక్కడ ఆగుతుందంటే, ఒక ఆడమనిషి తలుపు తీసి, వాణ్ణి కూర్చోబెట్టి అన్నం పెట్టే చోట.

చెప్పకుండా ఉండాల్సిందేమో, నా నోరు ఆగదు. డీజిల్ సంగతి చెప్పేశాను.

"అంటే ఒక్కడేనా?"

"ఒక్కడే పెద్దయ్యా."

కనకయ్య తెర వైపు వేలు చూపాడు. "చచ్చినోడు లేచి వస్తే ఊరంత నా మొఖమే చూసిన్రు. అప్పుడు నేనేం చెప్పాలె?"

అల్లుడు పెన్ డ్రైవ్ తీసి నా ముందు పెట్టాడు. "ఇదే వరుసలో ఎక్కించండి," అని నాతో అని, ఈసారి మామ వైపు తిరిగాడు. "మావయ్యగారూ, నేనూ మీతో ఊరొస్తాను. అందరి ముందూ నేను వేస్తాను, మీరు చెప్పండి. డీజిల్ సంగతీ నేనే చెబుతా."

"చెప్పు. దాచేదేమున్నది," అన్నాడు కనకయ్య, పంచె దులుపుకుంటూ. "ఆ దేశపోళ్ళు వాణ్ణి చంపి ఆట ముగించిన్రు. మేం బువ్వ పెట్టి ముగించినం."

అప్పటి నుంచి పాత సినిమా కోసం ఎవరొచ్చినా, పేరు తర్వాత అడుగుతాను. ఎక్కడ చూశారు, ఎలా చూశారు, పక్కన ఎవరు కథ చెప్పారు, ఇవే ముందు. అదొక్కటే నేను నేర్చుకున్నది. నేర్చుకోలేనిది ఇంకొకటి ఉంది. మొన్న ఆ సినిమాను అసలు వరుసలో ఒంటరిగా చూశాను. రేవు మెట్ల మీద మీసాలాయన పడిపోయాడు, పేర్లు వచ్చాయి, అయిపోయింది. టీవీ కట్టేయకుండా కూర్చున్నాను, తమ్ముడు ఇంకా రాలేదేమని.