హద్దు మీద వేపచెట్టు

ఒక మాట పన్నెండేళ్లుగా నా గొంతు దాటి రాలేదు. అన్నం తింటున్నప్పుడు ఉంటుంది. గడ్డం గీసుకుంటున్నప్పుడు ఉంటుంది. ఎవరైనా ఎదురొచ్చి నమస్కారం పెడితే మరీ బరువవుతుంది. అయినా నేను వంగలేదు. మా ఇంట్లో మగవాళ్లు వంగరని చిన్నప్పటి నుంచి విన్నాను, నమ్మాను. వంగి ఉంటే ఒక మనిషి జీవితం నిలిచేదని ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలియదా? తెలుసు. అదే రాయబోతున్నాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది వజ్రకరూరుకు కొద్ది దూరంలో ఒక మెట్ట ఊరు. మా నాయన కాలం దాకా చుట్టుపక్కల పొలం తగాదాలన్నీ మా అరుగు మీదే తీరేవి. తర్వాత భూములు పోయాయి, ఎద్దులు పోయాయి, పై అంతస్తు కూలిపోయింది. అరుగు మిగిలింది. తెల్లపంచె కట్టుకుని దాని మీద నిటారుగా కూర్చోవడం తప్ప నాకు వచ్చిన పని ఏదీ లేదు.

డెబ్బైల చివర ఒక వేసవిలో బెంగళూరు వెళ్లాను. మా చిన్నమ్మ కొడుకు అక్కడ స్థిరపడ్డాడు. మిద్దె మీదికి తీసుకుపోయి తన చెట్లు చూపించాడు. ముప్పై దాకా కుండీలు, వాటిలో మూరెడు ఎత్తు చెట్లు. మొక్కలు కావు. మాను ముడతలు పడి, కొమ్మలు వాలి, అచ్చంగా ముసలి చెట్లే. బోన్సాయ్ అంటారని చెప్పాడు. ఒక జువ్విని చూపించి ముప్పై ఏళ్లదన్నాడు. నేనూ ఒకటి పెంచుతానన్నాను. వాడు నవ్వాడు.

"వద్దులేన్నా. దీనికి ఓపిక గావల్ల. మన ఇంటోళ్లకు ఓపిక యాడిది?"

తమ్ముడు వరస వాడు అన్న మాట అది. నా ముఖం చూసి సర్దుకుని, కొత్తవాళ్లు చిన్న మొక్కతో మొదలుపెట్టాలనీ, పైమన్ను ఆరే దాకా నీళ్లు పోయకూడదనీ, ఎండ తగలాలనీ, కుండీ అడుగున బెజ్జం లేకపోతే ఏ చెట్టూ బతకదనీ చెప్పాడు. చివర్లో మాటవరసకు ఇంకొకటి అన్నాడు. మీ పక్కనైతే మేకలూ కరువూ కలిసి ఇట్లాంటి చెట్లను ఎప్పుడో చేసి పెట్టి ఉంటాయి, వెతికితే దొరుకుతాయి అని. చెప్పినవన్నీ వదిలేసి నేను ఆ ఒక్క మాటే ఇంటికి తెచ్చుకున్నాను. వాడి జువ్వి కన్నా పాతది, వాడు నోరు తెరిచి చూసేది నా పెరట్లో ఉండాలి. బస్సులో వస్తున్నంతసేపూ నాకు వేరే ఆలోచన లేదు.

అలాంటి చెట్టు ఎక్కడుందో నాకు తెలుసు. ఊరికి తూర్పున రాతిమిట్ట మీద, బండ పగులులో ఒక వేప ఉండేది. ఏటా మేకలు కొరికేవి. ఏటా చిగురించేది. మోకాలెత్తు దాటలేదు గానీ మాను మాత్రం నా ముంజేతికి రెండింతలుండేది. ఎదగకుండా గిడసబారింది కాబట్టి ఊళ్లో దాన్ని గిడస యాప అనేవాళ్లు.

తొలి వాన పడగానే మా వైపు జనం వజ్రాల కోసం తల వంచుకుని చేలల్లో తిరుగుతారు. గడ్డపారతో మిట్ట ఎక్కుతున్న నన్ను ఎవరైనా చూస్తే పెద్దింటివాడు కూడా రాళ్లేరుకోవడానికి దిగాడనుకుంటారని నాకు భయం. చూడండి, నా భయం దేని గురించో. అందుకే మిట్టమధ్యాహ్నం, జనమంతా నీడకు చేరాక వెళ్లాను. రెండు మధ్యాహ్నాలు పట్టింది. తల్లివేరు బండ లోపలికి దిగిపోయింది. దాన్ని నరికేసి, చెట్టును తడిగోనెలో చుట్టి తెచ్చాను. వచ్చే ముందు గుంటను రాళ్లతో నింపి పైన మట్టి కప్పి తొక్కాను.

ఎందుకు పూడ్చాను? చెట్టు తెచ్చుకున్నవాడికి గుంట పూడ్చాల్సిన పనేముంది?

దాన్ని మా జేజి పెళ్లినాటి ఇత్తడి తాంబాళంలో నాటాను. మా నాయనమ్మను మేము జేజి అనేవాళ్లం. ఆ ఇంట్లో అమ్ముడుపోకుండా మిగిలిన పెద్ద వస్తువు అదొక్కటే. దానికి బెజ్జం కొట్టాలని తెలుసు. మేకు, సుత్తి కూడా తీశాను. మా వంశపు తాంబాళానికి నా చేత్తో చిల్లు పెట్టడమా? మేకు పక్కన పెట్టేశాను. అడుగున గులకరాళ్లు పరిస్తే చాలులే అనుకున్నాను. ఎర్రమన్ను, ఇసుక, చివికిన పేడ కలిపి పోశాను. రాగి తీగ చుట్టి ఒక కొమ్మను వంచాను. పెరట్లో గోడవార నీడలో పెట్టి, రోజుకు పదిసార్లు పోయి చూసేవాణ్ణి.

ఇరవై రోజులకు చిగురు వేసింది. వేప చిగురు ఎర్రగా, పసిపిల్లల గోళ్లలా ఉంటుంది. వంగి చూశాను. అప్పటికి నాకు నలభై ఏళ్లు దాటాయి. నా చేతిలో పడ్డవన్నీ నాశనమయ్యాయి గానీ ఒకటి బతకడం అదే మొదలు. ఆ ఉదయం నాకు కలిగిన సంతోషం దొంగది కాదు. దాన్ని తలుచుకోవడం మాత్రం ఇప్పుడు నాకు చేతకాదు.

అనంతపురం నుంచి బంధువులు వచ్చినప్పుడు దాన్ని చూపించాను. ఎన్నేళ్లదని అడిగారు. మా జేజినాయన, అంటే మా తాత, నాటినాడని చెప్పాను. అంత తేలిగ్గా వచ్చింది ఆ అబద్ధం.

ఇక ఓబులేసు సంగతి. ఓబులేసు, తిమ్మప్ప దాయాదులు. వాళ్ల నాయనలు పొలం పంచుకున్నప్పుడు కాగితం మీద ఏమీ రాసుకోలేదు. మా నాయన మిట్ట మీద నిలబడి హద్దు చూపించాడు, గిడస యాప నుంచి నల్లగుండు అనే బండ దాకా. అంతే. ఆ మాట మీద రెండిళ్లూ ముప్పై ఏళ్లు సేద్యం చేసుకున్నాయి. ఓబులేసూ అతని భార్య సుంకమ్మా రెండు వేసవులు కష్టపడి హద్దుకు ఇవతల, తమ వైపు, బావి తవ్వుకున్నారు. ఆ ఏడు తొలి వాన తర్వాత మళ్లీ చినుకు లేదు. ఊరి బావులన్నీ ఎండాయి. ఆ బావిలో మాత్రం నీళ్లున్నాయి. హద్దుచెట్టు కనిపించడం లేదని తిమ్మప్ప అప్పుడే గమనించాడు. హద్దు ఇది కాదనీ, నలభై అడుగులు ఇవతల అనీ, బావి తనదనీ అన్నాడు.

దసరా దాటాక ఒక ఉదయం ఇద్దరూ మా అరుగు దగ్గరికి వచ్చారు. వెనక నలుగురైదుగురు ఊరివాళ్లు.

"అయ్యా, మీ నాయన చేత్తో చూపించినాడు," అన్నాడు ఓబులేసు. "గిడస యాప కాడ్నించి అన్నాడు. మీరు గూడా ఆడనే ఉంటిరి, నిక్కరేసుకొని."

"యాడుందప్పా నీ యాప?" అన్నాడు తిమ్మప్ప. "మేకలు తిన్నాయనుకో, మోడన్నా ఉండల్ల గదా? కలలో మొల్చిందేమో."

"పోయిన ఎండాకాలం గూడా ఉండె. నా కండ్లతో చూసినా. వజ్రాలకొచ్చినోళ్లు పెరికేసింటారు."

"వజ్రాలకొచ్చినోళ్లు యాపచెట్టేం చేసుకుంటారప్పా? పప్పులో ఏసుకుంటారా?"

వెనకవాళ్లు నవ్వారు. తిమ్మప్ప నా వైపు తిరిగాడు. "సరే, అయ్యనే అడుగుదాం. ఆడ యాప ఉండెనని అయ్య ఒక్క మాట అంటే చాలు, బావి జోలికే పోను. ఈ అరుగు మీద చెప్తాండా."

ఆ చెట్టు నా వీపు వెనక గోడకు అవతల, ఇరవై అడుగుల దూరంలో ఉంది. లేచి, వెళ్లి, రెండు చేతులతో తాంబాళం ఎత్తి తెచ్చి వాళ్ల మధ్య పెడితే సరిపోయేది. దొంగతనంగా తవ్వుకొచ్చానని అప్పుడు చెప్పాలి. బంధువుల ముందు చెప్పిన అబద్ధం బయటపడాలి. తిమ్మప్ప నవ్వుతాడు. మా నాయన తీర్పు చెప్పిన చోట అతని కొడుకు తల వంచుకుని నిలబడాలి.

"ఆడ యాపచెట్టు ఉన్నట్లు నాకు జ్ఞాపకం లేదు," అన్నాను.

ఓబులేసు నన్ను చూశాడు. కోపం లేదు ఆ చూపులో. దారి తప్పినవాడి చూపు.

"లేదా, సామీ? బాగా తలుచుకోండి."

"లేదు."

"అట్లయితే నేనే యేదో అనుకోనుంటా," అన్నాడు. తలగుడ్డ దులుపుకుని వెళ్లిపోయాడు. బావి తిమ్మప్పకు పోయింది.

వాళ్లు వెళ్లాక నా భార్య గడప దగ్గరికి వచ్చింది. "పెరట్లో ఉండేదేంది మరి?" అంది. నోరు మూసుకోమన్నాను. మూసుకుంది. ఆ రోజు నుంచి ఆ చెట్టుకు ఆమె చెంబెడు నీళ్లు పోయలేదు.

ఎవరి కంటా పడకూడదని దాన్ని గాదెలున్న చీకటి గదిలోకి మార్చాను. ఎండ లేదు, గాలి లేదు. ఆకులు పసుపు పచ్చబడ్డాయి. దాహమనుకున్నాను. ఊరంతా బిందె నీళ్ల కోసం కొట్లాడుకుంటున్న రోజుల్లో దానికి పొద్దునా సాయంత్రమూ నీళ్లు పోశాను. ఎంత రాలితే అంత పోశాను. ఒక రోజు మాను పట్టుకుంటే కదిలింది, ఎత్తితే ఊడి వచ్చింది. వేళ్లు నల్లబడి, మెత్తబడి, కుళ్లిన వాసన కొట్టాయి. తాంబాళం అడుగున నీళ్లు నిలిచి ఉన్నాయి. బండలో, మేకల నోట, వాన లేని ఏళ్లన్నీ బతికిన చెట్టు నా దగ్గర ఆరు నెలలు బతకలేదు.

అది బతికున్నన్నాళ్లూ, రేపు బయటికి తెచ్చి చూపిస్తాలే అని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. చచ్చాక ఆ మాట చెప్పుకునే వీలు కూడా లేదు. విరిచి నీళ్లపొయ్యిలో పెట్టాను. నా చేత్తోనే.

నీళ్లు లేని చేను ఓబులేసు ఎంతకాలం చేస్తాడు? ఎద్దులు పోయాయి. రాళ్లు కొట్టే పనికి పోయాడు. ఊళ్లో అతనికి పేరు పెట్టారు. "ఏమప్పా, యాప ఓబులేసూ, నీ చెట్టు చిగురేసిందా?" అనేవాళ్లు, నేను వింటుండగానే. అతనూ నవ్వేవాడు. ఏటా తొలి వానకు జనం వజ్రాలు వెతుకుతుంటే అతను మిట్ట మీద వేపవేరు కోసం వెతికేవాడు. ఒకసారి దారిలో ఎదురుపడి, తప్పు చేసినవాడిలా, "ఊరికే చూస్తాండా సామీ," అన్నాడు. నేను తల ఆడించి ముందుకు నడిచాను. ఎన్నో ఏళ్లు వెతికినా గుంట జాడ అతనికి దొరకలేదు. నేను అంత బాగా పూడ్చాను.

ఇప్పటిదాకా రాసినదాంట్లో ఒకటి దాచాను. తవ్వుతున్నప్పుడు అది హద్దుచెట్టని నేను మరిచిపోయానని మీరు అనుకుని ఉంటారు. అలా అనుకునేట్టే రాశాను. నిజం అది కాదు. మొదటి గడ్డపార పోటుకే నాయన గుర్తొచ్చాడు. చేతికర్రతో ఆ మాను తట్టి, "ఇది ఉన్నన్నాళ్లూ మీ ఇద్దరికీ మాట రాగూడదు," అన్నాడు. నేను ఆగాను. చెంబు ఎత్తి నీళ్లు తాగాను. ఇప్పుడెవరు అడుగుతారులే అనుకుని మళ్లీ గడ్డపార ఎత్తాను. గుంట పూడ్చింది అందుకే.

పోయిన ఏడాది ఓబులేసు రాతిదుమ్ము దగ్గుతో చనిపోయాడు. వెళ్లి వాకిట్లో నిలబడ్డాను. నాకు మంచం వాల్చారు. సుంకమ్మ దగ్గరికి వచ్చి చెప్పింది.

"ఆ చెట్టు పిచ్చి తప్ప ఆయప్పకు ఏ పిచ్చీ లేదు సామీ. పొయ్యే ముందర గూడా అడిగినాడు, ఆడ చెట్టుండెనా సుంకీ అని. నాగ్గూడా ఉన్నట్లే ఉండాది. లేదులే అన్నా. మీరు లేదంటే లేనట్లే గదా."

అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. మంచం మీద నిటారుగా కూర్చున్నాను.

సుంకమ్మ ఇప్పుడు కొత్తచెరువులో తమ్ముడి ఇంట్లో ఉంది. అక్కడికి పోవడానికి బస్సులున్నాయి. నేను పోలేదు. పోతానని మీకు మాట ఇవ్వను, నా మాట విలువ ఎంతో మీరు చూశారు. తిరిగి ఇద్దామన్నా ఏమీ లేదు. తిమ్మప్ప బోరు వేశాక ఆ బావి కూడా ఎండిపోయింది. ఈ కాగితం మీద నా పేరు కూడా పెట్టడం లేదు. ఆ అహంకారం ఇంకా పోలేదు.

క్షమించమని అడగడం లేదు. క్షమించాల్సినవాడు తన కళ్లనే నమ్మకుండా పోయాడు. నాకు కావలసింది ఒక్కటే, పన్నెండేళ్ల కిందట ఆ ఉదయం చెప్పాల్సిన మాట ఎక్కడో ఒక చోట, ఒకరి ముందు ఉండటం.

ఆ మిట్ట మీద వేపచెట్టు ఉండేది. నేనే తవ్వాను. ఓబులేసుకు మతి బాగానే ఉండేది.